అక్కకి ఎడిటింగ్, తమ్ముడికి గేమింగ్, ఒక్క చీటీ డబ్బులు: ఏ ప్రాసెసర్ కొనాలి?

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. తెనాలి నుంచి ఒక అమ్మాయి రాశారు, వయసు 27. ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తారు, చుట్టుపక్కల మూడు నాలుగు స్టూడియోల వాళ్ళు హార్డ్ డిస్కుల్లో ఫుటేజ్ తెచ్చి ఇస్తారు, ఈవిడ టీజర్, హైలైట్స్, ఫుల్ వీడియో కట్ చేసి పంపుతారు. కంప్యూటర్ 2019లో కొన్నది: రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్4 ర్యామ్, తర్వాత సొంత సంపాదనతో పెట్టుకున్న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. ఈ మధ్య స్టూడియోలు సోనీ ఏ7 ఫోర్ కెమెరాలకి మారాక టైమ్‌లైన్ కదలట్లేదట, ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి వస్తోందట, మాఘమాసం సీజన్లో రెండు డెలివరీలు లేటయ్యి ఒక స్టూడియో వర్క్ ఇవ్వడం తగ్గించేసిందట.

నాన్నగారు చీటీ పాడి 90 వేలు పక్కన పెట్టారు, "కంప్యూటర్ బాగుచేయించుకోండి" అన్నారు. ఇక్కడే గొడవ మొదలైంది. తమ్ముడు బీటెక్ సెకండియర్, వాలరెంట్ అనే గేమ్ ఆడతాడు, స్ట్రీమింగ్ మొదలుపెట్టాలని ఉంది, అదే కంప్యూటర్ వాడతాడు. వాడు ఏఎండీ కంపెనీ రైజెన్ 7 7800ఎక్స్3డీ తప్ప ఇంకోటి వద్దంటున్నాడు. ఈవిడకి స్టూడియో వాళ్ళు ఇంటెల్ కంపెనీ కోర్ ఐ7-14700కే తీసుకోమన్నారు. షాపులో రెండిటికీ కొటేషన్ తీసుకుంటే రేట్లు దగ్గర దగ్గరగానే వచ్చాయట, ఐ7లోనే కేఎఫ్ అని ఇంకో రకం ఉంది అది ఇంకొంచెం తక్కువ అన్నాడట షాపతను. తమ్ముడేమో "ఇంటెల్ చిప్పులు కాలిపోతున్నాయి నాన్నా" అని చెప్పేసరికి నాన్నగారు "కంప్యూటర్ సంగతి వాడికి తెలుసు, వాడు చెప్పింది కొందాం" అన్నారు. ఉత్తరం చివర్లో ఈవిడ రాసిన మాట ఇది: "ఆ కంప్యూటర్ మీద సంపాదించేది నేను, కానీ నన్ను ఎవరూ అడగలేదు. నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా?"

లేదండీ, మీది స్వార్థం కాదు. మీ పని ఆగిపోతోంది, దాని వల్ల వచ్చే డబ్బులు ఆగిపోతున్నాయి, అది చెప్పుకోవడం స్వార్థం ఎలా అవుతుంది. కాకపోతే మీ తమ్ముడు చెప్పేవాటిలో కూడా నిజాలున్నాయి, వాటిని కొట్టిపారేస్తే నాన్నగారి ముందు మీ మాట తేలిపోతుంది. అందుకే ముందు రెండు ప్రాసెసర్ల సంగతి పూర్తిగా మాట్లాడుకుని తర్వాత ఇంటి సంగతికి వద్దాం.

ముందు మీ వాడి వైపు నుంచి. 7800ఎక్స్3డీ 2023 ఏప్రిల్‌లో వచ్చింది, 8 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 16 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), దాని ప్రత్యేకత అంతా 96 ఎంబీ ఎల్3 క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీలో ఉంది. మామూలు 32 ఎంబీకి ఇంకో 64 ఎంబీ అదనంగా చిప్పుకే అతికించారు. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్‌కి కావాల్సిన డేటా కోసం మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్ళి రావాల్సిన పని తగ్గుతుంది కాబట్టి ఫ్రేములు పెరుగుతాయి, మధ్యలో వచ్చే కుదుపులూ తగ్గుతాయి. గేమింగ్‌లో 14700కే కంటే సగటున ఓ పది శాతం అటూఇటూ ముందుంటుంది, పైగా కరెంటు తక్కువ తాగుతుంది, వేడి తక్కువ. ఇదంతా నిజమే.

కానీ ఆ పది శాతం ఎక్కడ కనిపించిందో కూడా చూడాలి. ఆ టెస్టులు చేసేవాళ్ళు ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డు పెట్టి, 1080పీలో ఆడి కొలుస్తారు, ఎందుకంటే కార్డు అడ్డం పడకుండా ప్రాసెసర్ ఒక్కటే పరీక్షకి నిలబడాలి. మీ ఇంట్లో ఉన్నది 3060. పెద్ద గేమ్స్‌లో మీ కార్డే ముందు ఆయాసపడుతుంది, వెనకాల ఏ ప్రాసెసర్ ఉన్నా ఇంచుమించు అవే ఫ్రేములు వస్తాయి. ఇక వాలరెంట్ అంటారా, అది తేలికైన గేమ్, అందులో ప్రాసెసర్ తేడా నిజంగానే తెలుస్తుంది, కానీ ఏ మానిటర్ మీద? మీ మానిటర్ 60 హెర్ట్జ్ అని మీరే రాశారు. అది సెకనుకి 60 బొమ్మలే చూపిస్తుంది, లోపల 300 తయారైనా 500 తయారైనా. ఎక్కువ ఫ్రేములు వస్తే మౌస్ స్పందన కొంచెం చురుగ్గా ఉంటుంది, అది ఒప్పుకుంటా, కానీ అంత డబ్బు పెట్టి తెచ్చుకునే లాభం కాదు అది. మీ తమ్ముడికి 144 హెర్ట్జ్ మానిటర్ కొనిస్తే ఈ ప్రాసెసర్ కన్నా ఎక్కువ సంతోషిస్తాడు, ఇది నేను గట్టిగానే చెప్తున్నా. స్ట్రీమింగ్‌కి కూడా కోర్లు అక్కర్లేదు, 3060లో వీడియోని కుదించడానికే ఉన్న ఎన్విడియా ఎన్‌కోడరే ఆ పని చేసిపెడుతుంది.

ఇప్పుడు మీ వైపు. 14700కే 2023 అక్టోబర్‌లో వచ్చింది, మొత్తం 20 కోర్లు, అందులో 8 పెద్దవి, 12 చిన్నవి, 28 థ్రెడ్లు. కోర్లన్నీ వాడుకునే పనిలో, అంటే బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ లాంటివాటిలో, 7800ఎక్స్3డీకి ఇంచుమించు రెట్టింపు పని చేస్తుంది. అలాగని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో మీ ఎక్స్‌పోర్ట్ సగం టైముకి అయిపోతుందనుకోకండి, అక్కడ గ్రాఫిక్స్ కార్డు కూడా చెయ్యేస్తుంది కాబట్టి తేడా అంత ఉండదు.

నిజానికి మీ సమస్య ఎక్స్‌పోర్ట్ కాదు. మీరు రాసింది చదివితే నాకు అర్థమైంది, మీ సమస్య ఫుటేజ్. స్టూడియో వాళ్ళు పంపే ఫైళ్ళు 4కే, 10 బిట్, 4:2:2, హెచ్.265 అని మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఉంది. హెచ్.265 అంటే వీడియోని కుదించి దాచే పద్ధతి, 4:2:2 అంటే అందులో రంగుల వివరం ఎంత ఉంచారో చెప్పే లెక్క, 4:2:0లో ఆ వివరం ఇంకా తక్కువ. సోనీ మెనూలో దీని పేరు ఎక్స్ఏవీసీ హెచ్ఎస్. హెచ్.265 ఫైలు ప్లే అవ్వాలంటే ముందు దాన్ని విప్పాలి, ఆ విప్పే పని హార్డ్‌వేర్‌లో ఒక ప్రత్యేకమైన భాగం చేస్తే టైమ్‌లైన్ నీళ్ళలా పారుతుంది, అది చేయలేకపోతే ప్రాసెసర్ కోర్లు మోసుకోవాలి, అప్పుడే మీకు జరుగుతున్నట్టు ఆగి ఆగి వస్తుంది. మీ 3060 హెచ్.265లో 4:2:0 విప్పగలదు, 4:2:2 విప్పలేదు, ఎన్విడియాలో 4:2:2 విప్పడం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. 7800ఎక్స్3డీ లోపల ఒక చిన్న గ్రాఫిక్స్ ఉంది, అదీ విప్పలేదు. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే భాగం మాత్రం విప్పుతుంది, 11వ జనరేషన్ నుంచీ. స్టూడియో వాళ్ళు మీకు ఇంటెల్ తీసుకోమని చెప్పింది ఊరికే కాదు, బహుశా కారణం వాళ్ళు చెప్పలేదంతే.

అందుకే షాపతను చెప్పిన కేఎఫ్ సంగతి దగ్గర జాగ్రత్త. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, గ్రాఫిక్స్ లేకపోతే క్విక్ సింక్ లేదు. మీకు కార్డు ఎలాగూ ఉంది కదా ఎఫ్ చాలు అంటారు షాపుల్లో, గేమ్స్ ఆడేవాళ్ళకి అది మంచి సలహానే, మీకు మాత్రం ఆ కొద్ది డబ్బుల మిగులు కోసం కొనేదాంట్లో అసలు సరుకే పోతుంది. ఎఫ్ లేనిదే తీసుకోండి, తెచ్చాక బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ (ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్) ఎనేబుల్ చేయించుకోండి, కార్డు పెట్టాక చాలా బోర్డుల్లో అది ఆఫ్ అయిపోయి ఉంటుంది.

ఒక్క రూపాయి పెట్టకముందు ఈ ఆదివారం రెండు పనులు చేసి చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచి గ్రాఫిక్స్ కార్డు పేజీలో వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ చూస్తూ టైమ్‌లైన్ ప్లే చేయండి. అది సున్నా దగ్గరే పడుండి ప్రాసెసర్ నూటికి నూరు కొడుతుంటే నేను చెప్పిందే మీ రోగం. రెండోది, స్టూడియోలో మీకు బాగా తెలిసినతన్ని అడిగి అదే కెమెరాలో 4:2:0 10 బిట్ సెట్టింగ్‌తో రెండు క్లిప్పులు తీసి పంపమనండి, మెనూలో అది ఉంటుంది. ఆ క్లిప్పులు మీ పాత కంప్యూటర్లోనే హాయిగా ఆడితే మీకు చాలా సంగతులు తేలిపోతాయి. పెళ్ళి వీడియోల్లో 4:2:2కీ 4:2:0కీ తేడా గ్రీన్ మ్యాట్ వాడినప్పుడో, రంగులు బాగా లాగినప్పుడో తెలుస్తుంది తప్ప మామూలుగా చూసేవాళ్ళకి కనిపించదు. అయితే మీకు వర్క్ ఇచ్చేది వాళ్ళు, సెట్టింగ్ మార్చమని అందరినీ అడగలేరు, ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. అప్పుడు ఉన్న దారి ప్రాక్సీలు, రాత్రి పడుకునే ముందు చిన్న సైజు కాపీలు తయారవడానికి పెట్టేసి పొద్దున్న వాటి మీద ఎడిట్ చేసుకోవడం. డిస్క్‌లో చోటు పడుతుంది, ఒక రాత్రి టైము పోతుంది, కానీ ఖర్చు లేదు. ఏ నిర్ణయం తీసుకున్నా కొత్తది వచ్చేవరకు ఇది మొదలుపెట్టేయండి, ఇంకో స్టూడియో చేజారకూడదు.

ఇక "ఇంటెల్ చిప్పులు కాలిపోతున్నాయి" అన్నమాట. కాలిపోవడం కాదు గానీ విషయం ఉంది. 13, 14వ జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ ఎక్కువ అడిగే లోపం వల్ల కొన్ని చిప్పులు మెల్లగా దెబ్బతిని క్రాష్ అవడం మొదలుపెట్టాయి, 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్లో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని లోపల నడిపే కోడ్) అప్‌డేట్లు బయోస్ ద్వారా ఇచ్చింది, ఆ ప్రాసెసర్లకి వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచింది, 14700కే కూడా ఆ లిస్టులో ఉంది. ఒకసారి దెబ్బతిన్న చిప్పుని అప్‌డేట్ బాగుచేయలేదు, ముందే వేస్తే కాపాడుతుంది. అంటే సెకండ్ హ్యాండ్ 13, 14 జనరేషన్ వద్దే వద్దు, కొత్తది తీసుకుంటే విండోస్ ఎక్కించకముందే బయోస్ అప్‌డేట్ చేయించాలి. మీ తమ్ముడికి ఇది కూడా చెప్పండి, 2023 ఏప్రిల్‌లో 7800ఎక్స్3డీలు కూడా కొన్ని బోర్డుల్లో వోల్టేజ్ ఎక్కువై నిజంగానే మాడిపోయాయి, తర్వాత బయోస్‌లతో ఆ వోల్టేజ్‌కి 1.3 వోల్టుల దగ్గర కళ్ళెం వేశారు. రెండు పార్టీలకీ మచ్చ ఉంది, రెండిటికీ బయోస్ అప్‌డేటే మందు.

వేడి విషయంలో మాత్రం మీ వాడే కరెక్ట్. 14700కే ఫుల్ లోడ్ మీద 253 వాట్ల దాకా లాగుతుంది. మీ ఏసీ ఉన్నది అమ్మానాన్నల గదిలో, మీరు ఎడిట్ చేసేది హాల్లో మూల. తెనాలి మే నెలలో ఆ మూల కూర్చుని గంటల తరబడి ఎక్స్‌పోర్ట్ పెడితే మీకూ ఇబ్బందే దానికీ ఇబ్బందే. పైగా మీ యూపీఎస్ 600 వీఏ అన్నారు, అది మోసేది సుమారు 360 వాట్లే. ప్రాసెసర్ 253, కార్డు 170, అక్కడికే దాటిపోయింది, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే సగంలో ఉన్న ఎక్స్‌పోర్ట్ పోతుంది. ఐ7 తీసుకుంటే మంచి కూలర్, పెద్ద యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోవాలి, లేదా బయోస్‌లో పవర్ లిమిట్ 125 వాట్లకి తగ్గించి పెట్టుకోవాలి, స్పీడ్ కొంత తగ్గుతుంది, వేడి మాత్రం చాలా తగ్గుతుంది.

బోర్డు భవిష్యత్తు గురించి వాడు చెప్పిందీ నిజమే. 14700కే బోర్డు మీద కూర్చునే చోటు, అంటే ఎల్‌జీఏ 1700 సాకెట్ కథ అక్కడితో అయిపోయింది, 2024 అక్టోబర్లో వచ్చిన ఇంటెల్ కొత్త ప్రాసెసర్లు కోర్ అల్ట్రాలకి సాకెట్ మారిపోయింది. 7800ఎక్స్3డీ కూర్చునే ఏఎం5 సాకెట్‌ని 2027 తర్వాత కూడా నడుపుతామని ఏఎండీ చెప్పింది. దానికి రుజువు కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, 2019లో కొన్న మీ బీ450 బోర్డులో బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 సిరీస్ ప్రాసెసర్లు ఈరోజుకీ పెట్టుకోవచ్చు. నేను చెప్పబోయే ఒక దారి ఈ సంగతి మీదే ఆధారపడి ఉంది.

మీ ముందున్న దారులు ఇవి. ఐ7-14700కే, డీడీఆర్4 తీసుకునే బీ760 బోర్డు, మీ పాత 32 జీబీ ర్యామ్, పాత కార్డు. ఈ ప్రాసెసర్ డీడీఆర్4 కూడా తీసుకుంటుంది, ఈ మధ్య ర్యామ్ రేట్లు ఎలా పెరిగాయో షాపుకెళ్తే మీకే తెలుస్తుంది కాబట్టి ఇది చిన్న మిగులు కాదు. కూలర్, పవర్ సప్లై, యూపీఎస్ కూడా 90 వేలలో సర్దుకోవచ్చు. మీ టైమ్‌లైన్ బాగుపడుతుంది, తమ్ముడి గేమ్స్ కూడా ఇప్పటికన్నా బాగా నడుస్తాయి, 3060తో వాడికి లోటేమీ తెలియదు. కానీ కంప్యూటర్ ఒక్కటే ఉంటుంది. మీరు రాత్రి పదకొండింటికి ఎక్స్‌పోర్ట్ పెట్టాలి, వాడి ఫ్రెండ్స్ అదే టైముకి మ్యాచ్‌కి పిలుస్తారు. ఆ గొడవ ఇప్పుడున్నట్టే ఉంటుంది, వాడి మనసులో "అక్క మాట నెగ్గింది" అన్నది ఒకటి చేరుతుంది.

రెండోది 7800ఎక్స్3డీ. కొత్త బోర్డు, కొత్త డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, మీ పాత ర్యామ్ పనికిరాదు. వేడి తక్కువ, మీ యూపీఎస్ సరిపోవచ్చు, నాలుగేళ్ళ తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మార్చుకోవచ్చు. మీరు మాత్రం 4:2:2 ఫుటేజ్ వచ్చిన ప్రతిసారీ ప్రాక్సీలు చేసుకోవాలి, లేదా ఎప్పుడో 50 సిరీస్ కార్డు కొనాలి. రైజెన్ 5 2600 మీద నుంచి వెళ్తున్నారు కాబట్టి మీకూ కొంత మెరుగ్గానే ఉంటుంది, అస్సలు ఉపయోగం లేదని నేననను. కానీ ఏ రోగానికి డబ్బు పెడుతున్నారో ఆ రోగం అలాగే ఉంటుంది.

మూడోది నాకు బాగా నచ్చింది, మీ ఇంట్లో కుదురుతుందో లేదో మీరే చూసుకోండి. మీ ఇద్దరి గొడవలో సగం ప్రాసెసర్ గురించి కాదు, ఒక కుర్చీ గురించి. ఇద్దరికీ రెండు కంప్యూటర్లు చేస్తే? మీకు 14700కే బదులు కోర్ ఐ5-14500. 14 కోర్లు, 20 థ్రెడ్లు, ఐ7లో ఉన్న యూహెచ్‌డీ 770 గ్రాఫిక్సే ఇందులోనూ ఉంది, కాబట్టి 4:2:2 విప్పడంలో మీకు తేడా రాదు. ఎక్స్‌పోర్ట్‌లో ఐ7 కంటే నిదానం, అది ఒప్పుకోవాలి. రేటు బాగా తక్కువ, కరెంటు తక్కువ, కూలర్ కూడా మామూలుది సరిపోతుంది. మీ 3060 మీతోనే వస్తుంది, అది మీ డబ్బుతో కొన్నది, దాని మీద చర్చే వద్దు. పాత బీ450 కంప్యూటర్ తమ్ముడిది, అందులో రైజెన్ 5 5600జీ పెట్టించండి, దాని లోపలే గ్రాఫిక్స్ ఉంది, 1080పీ తక్కువ సెట్టింగ్స్‌లో వాలరెంట్ వాడి 60 హెర్ట్జ్ మానిటర్‌కి సరిపడా హాయిగా నడుస్తుంది. పెద్ద గేమ్స్ నడవవు, వాటికి వాడు తర్వాత మెల్లగా ఒక సెకండ్ హ్యాండ్ కార్డు కొనుక్కోవచ్చు, ఆ పాటి సంపాదన స్ట్రీమింగ్ మీదో ఇంటర్న్‌షిప్ మీదో వాడు చూసుకోగలడు. ర్యామ్ దగ్గర కొంచెం లెక్క వేయాలి, 32లో 16 వాడికి వదిలి, మీకు డీడీఆర్4 బోర్డే తీసుకుని మిగతా 16కి ఇంకో 16 కలుపుకుంటే సరి. ఇంకో క్యాబినెట్, ఇంకో పవర్ సప్లై, ఇంకో మానిటర్ ఖర్చు పడుతుంది, అందుకే ఐ7 కాకుండా ఐ5 అన్నాను.

కోర్ అల్ట్రా 7 265కే అని ఎవరైనా చెప్తే అదీ మంచిదే, దానికి ఈ వోల్టేజ్ గొడవ లేదు, 4:2:2 కూడా విప్పుతుంది, కానీ డీడీఆర్5 తప్పదు, గేమ్స్‌లో 14700కే అంత ఉండదు. మీ బడ్జెట్‌లో కష్టం.

ఇప్పుడు నాన్నగారి సంగతి. "వాడికి తెలుసు" అన్నారంటే ఆయన మిమ్మల్ని తక్కువ చేశారని కాకపోవచ్చు, మీ పని లోపల ఏం జరుగుతుందో ఆయనకి ఎప్పుడూ కనిపించలేదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి ఒక క్లిప్ ప్లే చేసి చూపించండి, ఆగి ఆగి వస్తుంటే ఆయనే అడుగుతారు. ఆ రెండు డెలివరీలు లేటవడం వల్ల ఎంత పోయిందో కాగితం మీద రాసి ఇవ్వండి. తమ్ముడి మీద ఫిర్యాదులా కాదు, లెక్కలా. చీటీకి నెలనెలా కట్టేది ఆయన, డబ్బు ఎలా తిరిగొస్తుందో వినడానికి ఆయనకి ఓపిక ఉంటుంది.

తమ్ముడితో మాత్రం నాన్నగారి కంటే ముందు మాట్లాడండి. ఆయన ముందు వాడిని ఓడించకండి. టాస్క్ మేనేజర్ టెస్ట్ వాడితోనే చేయించండి, వాడికి ఇవన్నీ ఇష్టం, "నాకు ఈ డీకోడ్ గొడవ తేల్చిపెట్టరా" అంటే రాత్రంతా కూర్చుంటాడు. మూడో దారికి వెళ్తే పార్టులు ఏరడం, పాత కంప్యూటర్ బయోస్ అప్‌డేట్, రెండూ బిగించడం వాడికి అప్పగించండి. వాడు ఒప్పుకోకుండా 7800ఎక్స్3డీ మీదే పట్టుబడితే అప్పుడు ఈ డబ్బు దేనికోసం పాడారో నాన్నగారినే తేల్చమనండి, మీరు నోరుమూసుకుని ఊరుకోవద్దు.

కొనడం ఆషాఢంలో పెట్టుకోండి, పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి కంప్యూటర్ రెండ్రోజులు విప్పి పెట్టినా నష్టం లేదు, శ్రావణం వచ్చేసరికి అన్నీ కుదురుకుంటాయి. విజయవాడలో తీసుకున్నా, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ దాకా వెళ్ళినా, ప్రాసెసర్ సీల్ ఉన్న బాక్స్ పీసే అడగండి, ట్రే పీస్ అని విడిగా ఇచ్చేదానికి కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మినవాడి మీద ఆధారపడాలి. బాక్స్ మీది నంబర్ చివర ఎఫ్ లేదని మీ కళ్ళతో చూసుకుని, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని, ఆ బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి.